పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

(సెప్టెంబరు 8, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు అనంతపురంలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. మేడమ్ నన్ను పరిచయం చేస్తూ "ఆఫ్రికాకు పోయి అక్కడి ఆడవాళ్ళకు చదువు చెప్పి వచ్చారు" అన్నారు. మర్యాద కొద్దీ అన్న మాట అది. అక్కడ చదువు చెప్పేది అక్కడి టీచర్లే. చిచేవా భాషలో, వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ మామిడిచెట్టు కిందనే చెప్తారు. నేను మలావి దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున ఆ టీచర్లకు లెక్కల పాఠాలు తయారు చెయ్యడంలో సాయం పట్టాను. పొదుపు గ్రూపుల మీటింగుల్లో ఒక మూల కూర్చున్నాను. అంతకుముందు చాలా ఏళ్ళు ఈ జిల్లాలోనే పొదుపు సంఘాలతో పని చేశాను. రెండు చోట్లా చూసిన మీదట నాకు గట్టిగా అనిపించిన సంగతి ఒకటుంది, సంఘం లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నది. ఈ పూట దాని చుట్టూనే తిరుగుతాను, విసుగొస్తే మొహమాటపడకుండా చెప్పండి.

వాలంటీర్ అనగానే మీకు మొన్న 2024 దాకా ఒకటో తారీఖు పొద్దున్నే తలుపు కొట్టి పింఛను ఇచ్చిపోయిన అబ్బాయి గుర్తొస్తాడేమో. (నవ్వులు) నేను మాట్లాడేది దేశం దాటి పోయే వాలంటీర్ల గురించి. అనంతపురం వాళ్ళకు వాళ్ళు కూడా కొత్త కాదులెండి. బత్తలపల్లి ఆసుపత్రి వైపు పోతే స్పెయిన్ నుంచి వచ్చిన డాక్టరో నర్సో ఎవరో ఒకరు కనబడుతూనే ఉంటారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ జిల్లాకు వచ్చినప్పటి నుంచీ ఇది మనకు అలవాటే. ఆయన వచ్చి రెండు వారాల్లో ఫోటోలు తీసుకుని పోలేదు. 2009లో కన్నుమూసేదాకా, అంటే 40 ఏళ్ళు, ఇక్కడే ఉండిపోయారు. ఆయన పెట్టిన ఆర్డీటీ సంస్థ వాళ్ళు కట్టించిన ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. బయటి దేశం మనిషి మన ఊరికొస్తే ఎలా ఉంటుందో మనకు బాగా తెలుసు. ఏది పనికొచ్చిందో, ఏది ఉత్త హడావుడో కూడా తెలుసు. ఇంకో దేశానికి పోయినప్పుడు ఆ తెలివిడి మనతోపాటు రావాలి.

మలావి చిన్న దేశం. 2018 జనాభా లెక్కల్లో కోటి 75 లక్షల మంది. నూటికి 80 మందికి పైగా పల్లెల్లోనే ఉంటారు. నేనున్నది మచింజి జిల్లా, జాంబియా సరిహద్దు పక్కన. ఆ ఊరు ఎట్లా ఉంటుందని మా చెల్లెలు ఫోన్లో అడిగితే, "ధర్మవరం దాటినాక ఎట్లుంటుందో అట్లనే, కాకపోతే మన్ను ఇంకొంచెం ఎర్రగా" అన్నాను. మొక్కజొన్న, పొగాకు, చెనక్కాయ పండిస్తారు. అవును, చెనక్కాయే! అక్కడ అది ఆడవాళ్ళ పంట. వాళ్ళు వేసే సీజీ-7 రకం మన పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్ళ పరిశోధనల్లోంచి వచ్చింది. రెండు పూటలా మొక్కజొన్న పిండితో గట్టిగా తెడ్డేసి గెలికిన న్సిమా తింటారు, మన సంగటి లాగానే. ఆకుకూరలో చెనక్కాయ పొడి వేసి వండి పక్కన పెడతారు. అన్నం లేదని నేను ఒక్క పూట కూడా బెంగపడలేదు.

మలావి మధ్య ప్రాంతంలో ఉండే చేవా తెగ వాళ్ళలో భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. పెళ్ళయినాక అబ్బాయే అమ్మాయి ఊరికి వచ్చి ఉండడం అక్కడి పాత ఆచారం. ఊరు మొత్తం ఇల్లరికం అల్లుళ్ళే అనుకోండి. (నవ్వులు) ఇది విని అక్కడ ఆడవాళ్ళ రాజ్యం నడుస్తోందని సంబరపడొద్దు. పెళ్ళికైనా, తగువుకైనా, భూమి మాటకైనా మేనమామ చెప్పిందే చెల్లుతుంది. పొలం ఆమెది, పెత్తనం ఆయనది. ఇది మీకు ఎక్కడో విన్నట్టు అనిపించాలి. మన దగ్గర స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. చాలా ఊళ్ళలో కుర్చీ మాత్రమే ఆమెది. సర్పంచ్ గారి భర్తను "సర్పంచ్ గారూ" అని పిలిచే ఊళ్ళు మీకు నాకంటే ఎక్కువ తెలుసు.

ఇప్పుడు అక్కడి పొదుపు పెట్టె దగ్గరికి వస్తాను.

అక్కడి పొదుపు గ్రూపు పద్ధతి 1991లో నైజర్ దేశంలో మరాది అనే చోట కేర్ సంస్థ మొదలుపెట్టింది. తర్వాత ఆఫ్రికా అంతా పాకింది. పాతిక మందికి అటూ ఇటూ ఆడవాళ్ళు వారం వారం కూర్చుంటారు. మధ్యలో ఒక ఇనప పెట్టె ఉంటుంది. దానికి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురు వేరే వేరే ఆడవాళ్ళ దగ్గర. ఆ ముగ్గురూ గ్రూపు లీడర్లు కారు, మామూలు సభ్యులు. పెట్టె ఇంకొకామె ఇంట్లో ఉంటుంది. ముగ్గురూ వచ్చి కూర్చుంటే తప్ప అధ్యక్షురాలు కూడా ఆ పెట్టె తెరవలేదు. ఒక్కొక్కరు వారానికి ఒకటి నుంచి ఐదు వాటాలు కొనొచ్చు. ఎన్ని కొంటే అన్ని రబ్బరు స్టాంపులు ఆమె చిన్న పుస్తకంలో పడతాయి. అంకెలు రాకపోయినా స్టాంపులు లెక్కపెట్టుకోవచ్చు కదా. ఏడాది తిరిగేసరికి పెట్టెలో ఉన్నదంతా, వడ్డీతో సహా, వాటాల ప్రకారం పంచేసుకుని మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు.

నన్ను కట్టిపడేసింది మీటింగు చివరి ఘట్టం. డబ్బు ఎంచుతారు. లోపల ఎంత మిగిలిందో ఒకామె గట్టిగా చెప్తుంది. అందరూ ఆ అంకెను తిరిగి పలుకుతారు, గుర్తు పెట్టుకుంటారు. పెట్టె మూసి మూడు తాళాలూ వేస్తారు. మళ్ళీ వారం పెట్టె తెరవకముందు, "పోయిన వారం ఎంత ఉంది?" అని అడుగుతారు. ఎవరినైనా అడగొచ్చు, ఏ మూల కూర్చున్న ముసలమ్మనైనా సరే. ఆమె చెప్పిన అంకెతో మిగతావాళ్ళు సరే అన్నాకే తాళాలు తీసి, నోట్లు ఎంచి చూస్తారు. ఒకసారి నా పక్కన కూర్చున్న పెద్దామెను అడిగారు. అక్షరం ముక్క రాదు ఆమెకు. పాలు తాగే మనవడిని వీపున చిటెంజె గుడ్డతో కట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుని, వేల కొద్దీ క్వాచాల (అక్కడి డబ్బు) అంకె, చివర్న చిల్లరతో సహా చెప్పేసింది. నేను ముందు వారం అక్కడే ఉన్నాను, ఎంఏ చదివాను, నాకు ఆ చిల్లర గుర్తు లేదు.

దీన్ని మన సంఘాల పక్కన పెట్టి చూడండి. 1992లో సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే నాబార్డు లింకేజీ మొదలైంది. 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంఘాలు బలపడ్డాయి. ఓర్వకల్లు సంఘాలను చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. మనవి చాలా పెద్దవి, బ్యాంకులో లక్షల లోన్లు తెచ్చుకునేవి, అందులో అనుమానం లేదు. కానీ సంఘం పుస్తకం రాసేది ఎవరు? మొదటి రోజుల్లో చాలా ఊళ్ళలో పది చదివిన ఒక అబ్బాయి, లేకపోతే లీడరమ్మ మొగుడు. తర్వాత పుస్తకం రాయడానికి యానిమేటర్ అనే ఆమె వచ్చింది. తీర్మానం పుస్తకంలో ఏం రాశారో పది మందిలో ఎనిమిది మందికి తెలియదు, "ఇక్కడ పెట్టమ్మా" అంటే పెడతారు. మనం వాళ్ళకు సంతకం నేర్పించాం. వేలిముద్ర పోయిందని పేపర్లో ఫోటోలు వేసుకున్నాం. చదవకుండా పెట్టే సంతకం వేలిముద్ర కంటే ఏ విధంగా మేలు? ఒక్కొక్క ఇంట్లో మూడు నాలుగు మైక్రోఫైనాన్స్ కంపెనీల కాగితాల మీద సంతకాలు పడి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చేదాకా పోయింది సంగతి. ఆ సంతకాలన్నీ మనం నేర్పించినవే.

నా మాట ఇది. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వాళ్ళది. గ్రూపులో ఒక్కరికే చదువొచ్చి, మిగతావాళ్ళకు రాకపోతే, ఆ చదువు గ్రూపుకు బలం కాదు, ఆ ఒక్కరికే బలం.

దీనికి మలావిలోనే రుజువు దొరికింది. ఒక ఊళ్ళో గ్రూపుకు ఎవరో పెద్ద లెడ్జర్ పుస్తకం తెచ్చిచ్చారు. గీతలు కొట్టి, కాలమ్స్ వేసి, చూడముచ్చటగా ఉంది. సభ్యులెవరికీ రాయడం రాదు కాబట్టి ఒకామె కొడుకు, స్కూలు పిల్లాడు, వచ్చి రాసేవాడు. మంచి పిల్లాడే, దొంగ కాదు. కానీ పుస్తకంలో ఉంది కదా అని అంకె వల్లించడం మానేశారు. కొన్ని నెలలకు ఎవరికి ఎంత ఉందో ఆ పిల్లాణ్ణి అడిగితే తప్ప తెలియని పరిస్థితి. వాడికి పరీక్షలు వస్తే మీటింగు వాయిదా. చివరికి ఆ ఆడవాళ్ళే తేల్చుకున్నారు: పుస్తకం ఉండనీ, వల్లించడం మళ్ళీ మొదలుపెడదాం, మాకు అందరికీ అంకెలు నేర్పండి అని. ఆ ఊళ్ళో తరగతి అలా పుట్టింది. ఎవరో పోయి "చదువుకోండమ్మా, చదువు వెలుగు" అని ఉపన్యాసం ఇస్తే పుట్టలేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. బ్రెజిల్లో 1963లో పాలో ఫ్రేరి, అంజికోస్ అనే చోట 300 మంది కూలీలకు 40 గంటల్లో చదవడం నేర్పించాడు. వాళ్ళ రోజువారీ బతుకులోని మాటలు తీసుకునే నేర్పించాడు. దాన్నుంచే 1990ల్లో రిఫ్లెక్ట్ అనే పద్ధతి వచ్చింది. ఉగాండా, బంగ్లాదేశ్, ఎల్ సాల్వడార్‌లలో మొదట చేసి చూశారు. అచ్చేసిన వాచకం ఉండదు. నేల మీద గింజలతో, రాళ్ళతో ఊరి పటం వేస్తారు, ఎవరి పొలం ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, అప్పు ఎక్కడ అని. మన వెలుగు పథకం వాళ్ళు ముగ్గుపిండితో వేయించేవాళ్ళు కదా, అదే. ఆ పటంలోంచి మాటలు, అంకెలు పుట్టుకొస్తాయి. మన నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మీ అమ్మల తరానికి బాగా తెలుసు. 1992లో రాత్రి బడిలో సారా మీద పాఠం చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి పోయారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం. ఆ పాఠంలో వాళ్ళ సొంత ఇల్లే కనబడింది కాబట్టి అది పాఠంతో ఆగలేదు.

మచింజి ఆడవాళ్ళు మొదట ఏం నేర్చుకోవాలన్నారో చెప్పండి చూద్దాం? పేరు రాయడమా? కాదు. కాటా చదవడం. పంట చేతికొచ్చాక వ్యాపారులు ఊళ్ళోకి వచ్చి చెట్టుకొమ్మకు స్ప్రింగు కాటా వేలాడదీసి చెనక్కాయలు కొంటారు. గుండ్రటి ముఖం, మధ్యలో ముల్లు. ముల్లు ఎక్కడ ఆగిందో అతను చెప్తాడు, వీళ్ళు నమ్ముతారు. కదిరిలోనూ చిన్నప్పుడు ఇదే చూశాను. టీచరమ్మ, నేను కలిసి నేల మీద కాటా ముఖం గీసి, పుల్లను ముల్లుగా పెట్టి పాఠం చేశాం. సున్నా ఎక్కడ, పది ఎక్కడ, మధ్యలో చిన్న గీతలు ఎందుకు. ఆ చిన్న గీతల దగ్గరే వారాలు గడిచిపోయాయి.

ఆ సీజన్లో ఒక వ్యాపారి వచ్చాడు. మొదటి బస్తా మోసుకొచ్చిన ఆమె దాన్ని కొక్కేనికి తగిలించలేదు. కింద పెట్టి, దాని మీద కూర్చుని, ఖాళీ కాటా వైపు చూపు తిప్పింది. కొక్కెం ఉత్తదే, కానీ ముల్లు సున్నా మీద లేదు, మూడు గీతలు వెనక ఉంది. అంటే బస్తాకు మూడు కిలోలు గాలికే. "ముందు దాన్ని సున్నాకు తీసుకురా" అంది. అతను నవ్వాడు, గాలికి కదిలిందన్నాడు, పాత కాటా అన్నాడు. ఆమె లేవలేదు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు కూడా బస్తాలు దించి కూర్చున్నారు. కాసేపటికి అతను జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి పైన మర తిప్పాడు. స్క్రూడ్రైవర్ జేబులో రెడీగా ఉంది చూడండి! (నవ్వులు, చప్పట్లు) మరుసటి వారం క్లాసుకు మొగోళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

ఆ తర్వాత పాఠాలు వాటంతటవే వచ్చాయి. చెనక్కాయ చేత్తో వలవడం కష్టమని కాయల్ని నీళ్ళలో నానబెట్టి వలుస్తారు. తడికి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది, అది కాలేయానికి విషం, కొనేవాడు ధర కూడా కోస్తాడు. అది ఒక పాఠం. 2023 నవంబరులో అక్కడి రిజర్వు బ్యాంకు కరెన్సీ విలువ తగ్గించింది, డాలరు 1,180 క్వాచాల నుంచి ఒక్కసారిగా 1,700కు పోయింది. పెట్టెలో నోట్లు అన్నే ఉన్నా ఎరువు బస్తా ఎందుకు అందకుండా పోయిందో లెక్క కట్టడం ఇంకో పాఠం. తరగతులు వానలు లేని నెలల్లోనే నిండుగా జరుగుతాయి. నవంబరులో వానలు మొదలైతే అందరూ పొలంలో ఉంటారు. జనవరి నుంచి మార్చి దాకా పాత గింజలు అయిపోయి కొత్త పంట రాని ఆకలి నెలలు. అప్పుడు హాజరు తగ్గిందని రిపోర్టు రాసే వాలంటీర్‌ను మొదటి బస్సుకు ఇంటికి పంపించాలి.

లీడర్‌షిప్ ట్రైనింగు గురించి ఒక మాట. చాలా ప్రోగ్రాముల్లో అదంటే మైకు పట్టుకోవడం, ధైర్యంగా మాట్లాడడం, చార్టు పేపర్ల మీద రంగు పెన్నులు. మాట్లాడ్డం ఆ ఆడవాళ్ళకు రాదని ఎవరన్నారు? బోరింగు దగ్గర ఒక్క గంట నిలబడండి. మలావిలోనే దెడ్జా జిల్లాలో థెరెసా కచిందమోటో అనే పెద్ద చీఫ్ ఉండేది, బాల్యవివాహాలు వందల కొద్దీ రద్దు చేయించింది. ఆమె ఊరూరా చెప్పడంతో ఊరుకోలేదు. తన కింది చీఫుల చేత ఇక చిన్నపిల్లల పెళ్ళిళ్ళు ఒప్పుకోమని కాగితం మీద సంతకాలు పెట్టించింది, మాట తప్పినవాళ్ళను పదవిలోంచి తీసేసింది. దేశం కూడా 2015లో చట్టం చేసి, 2017లో రాజ్యాంగం సవరించి పెళ్ళి వయసు 18కి తెచ్చింది. నేపాల్ చూడండి. 2017 స్థానిక ఎన్నికల్లో ప్రతి వార్డులో ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరు దళిత మహిళ తప్పనిసరి. మేయర్లలో ఆడవాళ్ళు కొద్దిమందే, డిప్యూటీ మేయర్లలో మాత్రం నూటికి 90 మందికి పైగా వాళ్ళే గెలిచారు. రెండో కుర్చీ ఇచ్చి సరిపెట్టారని తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకున్నాను. కానీ అక్కడి రాజ్యాంగం స్థానిక న్యాయ సమితికి ఆ డిప్యూటీనే పెద్దను చేసింది. ఊళ్ళో చిన్న తగువుల ఫిర్యాదులు ఆ సమితి దగ్గరికి వస్తాయి, తీర్పు చెప్పేవాళ్ళకు ఆమే పెద్ద. బడి ముఖం సరిగా చూడని ఆడవాళ్ళు చట్టం పుస్తకాలు ముందేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. అలాంటి చోట పనికొచ్చే ట్రైనింగు ఫిర్యాదు చదివి, తీర్పు రాయించి, రాసింది తిరిగి చదివించుకోవడం.

ఇంక మీలో ఎవరైనా పోవాలనుకుంటే. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం యూఎన్‌వీ, జర్మనీలోని బాన్ నుంచి నడుస్తుంది. జీతం ఉండదు, బతకడానికి భత్యం ఇస్తారు. ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ వాలంటీరింగు కూడా ఉంది, దానికి పైసా ఖర్చు లేదు, మొదట అది చూడండి. రెండు వారాలకు లక్ష, లక్షన్నర కట్టించుకుని అనాథాశ్రమంలో పిల్లలతో ఆడిస్తామనే వాళ్ళ జోలికి పోవద్దు. మీలాంటివాళ్ళు వదిలి వచ్చేసిన ప్రతిసారీ ఆ పిల్లలకు ఒక మనిషి దూరమవుతుంది, వాళ్ళకేం లాభం? ఆఫ్రికా వైపు విమానాలు కొన్ని ఎల్లో ఫీవర్ ముప్పున్న ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా పోతాయి కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా కార్డు దగ్గర పెట్టుకోండి. మలేరియా మాత్రలు డాక్టరునడిగి తీసుకోండి, దోమతెర మరవద్దు. భాష మాత్రం పోకముందే మొదలుపెట్టండి. నాకు చిచేవా అంకెలు మొదట వచ్చాయి, నమస్కారాలు తర్వాత. తలకిందులుగా నేర్చుకుంటున్నానని టీచరమ్మ నవ్వేది.

సమయం అయిపోయిందంటున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. వెనక, ఆకుపచ్చ చున్నీ అమ్మాయి.

(ప్రశ్న: మేడమ్, మన జిల్లాలోనే ఇంతమందికి చదువు రాదు కదా, అక్కడికి పోవడం ఎందుకు?)

కూర్చోమ్మా. మా అమ్మ కూడా ఇదే అడిగింది, కాస్త గట్టిగా. (నవ్వులు) 2011 లెక్కల్లో మన అనంతపురం జిల్లాలో ఆడవాళ్ళ అక్షరాస్యత 54 శాతం, పక్కన కర్నూలులో 50 కూడా నిండలేదు. కాబట్టి నువ్వడిగింది న్యాయమే. అసలు సంగతేమిటంటే, ఇక్కడ పని చెయ్యకుండా అక్కడికి ఎవరూ తీసుకోరు. ఫీల్డు అనుభవం ఎన్నేళ్ళో అడుగుతారు. మన రాష్ట్రం సంఘాల అక్కలు బీహారుకు పోయి అక్కడి పల్లెల్లో సంఘాలు పెట్టించారు, హిందీ కూడా సరిగా రాకుండానే. వాళ్ళను పంపించింది డిగ్రీలు చూసి కాదు, సొంత సంఘాన్ని నడిపారు కాబట్టి. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊళ్ళో బేర్‌ఫుట్ కాలేజీ ఉంది, ఆఫ్రికా పల్లెల నుంచి చదువురాని నాయనమ్మల్ని పిలిపించి ఆరు నెలల్లో సోలార్ దీపాలు చెయ్యడం నేర్పి పంపేది. రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి.

నీది ఏ ఊరమ్మా? బుక్కరాయసముద్రమా? దగ్గరే. ఈ ఆదివారం మీ ఊళ్ళో ఏదో ఒక సంఘం మీటింగుకు పో. పుస్తకం ఎవరు రాస్తున్నారో చూడు. మీటింగు అయినాక ఒక పెద్దామెను, "అవ్వా, ఈ వారం మన సంఘంలో ఎంతుంది?" అని అడిగి చూడు. ఆమె ఏం చెప్పిందో నాకు ఫోన్ చేసి చెప్పు, అప్లికేషన్ సంగతి అప్పుడు మాట్లాడదాం. నా నంబరు మేడమ్ దగ్గర ఉంది.